పాత గాలపు రీళ్లకు మళ్లీ రంగు

గాలపు కర్ర అడుగున బిగించి, దారాన్ని చుట్టి ఉంచడానికీ, విసిరినప్పుడు వదలడానికీ, చేప పడ్డాక లాగడానికీ వాడే చిన్న యంత్రం రీలు. ఏళ్ల తరబడి నీళ్లలో, ఎండలో, బురదలో తిరిగాక దాని లోపలి పళ్లచక్రాలు నిక్షేపంగా ఉన్నా, పైరంగు బొబ్బలెక్కి పొరలుగా ఊడిపోతుంది. అలాంటి రీలును పూర్తిగా విప్పి, పాత రంగు తీసి, లోహాన్ని శుభ్రం చేసి, గట్టిగా నిలిచే స్ప్రే రంగు వేసి తిరిగి బిగించే పని ఈ వ్యాసానికి విషయం. పద్ధతులు ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే. నీళ్లూ వాతావరణమూ మాత్రం ఒకటి కావు కాబట్టి, హైదరాబాదుకు పడమట షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పరిస్థితులను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

ఇక్కడి నీళ్లు, ఇక్కడి చేపలు

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. ఆ సలహా ఫలితమే రెండు జలాశయాలు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (జనం నోట గండిపేట) 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ఈ రెండింటి ఎగువన ఉన్న నేల. ఈ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996 మార్చి 8న ఇచ్చిన 111 నంబరు జీవో 84 గ్రామాలకు వర్తించింది. 2022లో 69 నంబరు జీవోతో ఆ ఆంక్షలను సడలించారు. రీలు రంగుకూ ఈ జీవోలకూ సంబంధం లేదనిపించవచ్చు. థిన్నరు డబ్బా ఎక్కడ ఒంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ సంబంధం తెలుస్తుంది.

ఈ చుట్టుపక్కల చెరువుల్లో దొరికేవి బొచ్చె, రోహు, బంగారు తీగ, జిలేబి, వాలుగ, వాటన్నింటికీ పెద్దన్నలాంటి కొర్రమట్ట. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ఎంపికైన కొరమీను ఈ కొర్రమట్టే. కలుపు మొక్కల మధ్య రబ్బరు కప్పను ఎరగా విసిరి దీన్ని పట్టే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. ఆ వేటలో రీలు రాళ్లకు తగులుతుంది, బురదలో పడుతుంది, రోజంతా తడుస్తుంది. చెరువుల మీద మత్స్య సహకార సంఘాలకు హక్కులుంటాయి. జలాశయాలు తాగునీటివి. గాలం వేసే ముందు అనుమతి అడగడం మర్యాదే కాదు, నియమం కూడా.

సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్లు. మరి ఉప్పు లేని చోట రీలు ఎందుకు పాడవుతుంది? కారణం చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. తడి రీలును రెగ్జిన్ సంచిలో వేసి, జిప్పు లాగి, బండి డిక్కీలో నెల రోజులు మరిచిపోతారు. లేదా బురద పోవాలని బోరు నీళ్లతో కడిగి ఎండలో పెడతారు. ఈ ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ. ఆరాక మిగిలే తెల్లని పెంకు స్క్రూల చుట్టూ, అంచుల కింద చేరి తేమను పట్టి ఉంచుతుంది. భీమిలి సముద్రపు ఒడ్డున రీలును ఉప్పు తింటే, చేవెళ్లలో సంచి తింటుంది. ఇది గుర్తిస్తే ఏ రంగు కొనాలన్న ప్రశ్న సగం తేలికవుతుంది. సముద్రం కోసం తయారైన ఖరీదైన పూతలు ఇక్కడి రీలుకు దాదాపు ఎప్పుడూ అవసరం పడవు.

రీలు పుట్టుక, స్ప్రే పుట్టుక

రీలు చీనాలో పుట్టిందని చెప్పడానికి బలమైన ఆధారం మా యువాన్ గీసిన చిత్రం. 1195 ప్రాంతంలో గీసిన ఆ బొమ్మలో చలికాలపు సరస్సు మీద చిన్న పడవలో కూర్చున్న మనిషి చేతి గాలపు కర్రకు చక్రం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో రీలు ప్రస్తావన 1651 నాటి థామస్ బార్కర్ రచనలో ఉంది. 19వ శతాబ్దం మొదట్లో కెంటకీలో జార్జ్ స్నైడర్ అనే గడియారాల పనివాడు, పిడిని ఒకసారి తిప్పితే దారపు చుట్ట (స్పూల్) పలుమార్లు తిరిగే రీలు చేశాడు. 1905లో బ్రాడ్‌ఫర్డ్ బట్టల మిల్లుల యజమాని ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్, కండె మీంచి నూలు జారే తీరును రీలుకు ఎక్కించి, చుట్ట కదలకుండా దారం మాత్రం జారే నమూనాకు పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు మన చెరువు గట్ల మీద కనిపించే స్పిన్నింగ్ రీళ్లకు మూలం అదే.

మన దేశంలో ఈ వేటకు తొలి మార్గదర్శి మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్. 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో ప్రత్యేకించి చెరువుల గురించి 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' రాశాడు. ఆ కాలపు రీళ్లు ఎక్కువగా ఇత్తడివి, చెక్కవి. వాటి మీద రంగు సమస్యే లేదు. పట్టేది చిలుమే.

పునరుద్ధరణకు ఎక్కువగా వచ్చేవి 1930ల తర్వాతి రీళ్లు. ఫిలడెల్ఫియాలో ఆటో హెంజె 1932లో మొదలుపెట్టిన పెన్, స్వీడన్‌లో స్వాంగ్‌స్టా ఊరి ఆబు, ఫ్రాన్స్‌లో క్లూజ్ ఊరి మిచెల్, జపాను నుంచి దైవా, షిమానో. ఆబు 1952లో తెచ్చిన అంబాసడర్ 5000 ఎర్రటి అనోడైజింగుతో వచ్చింది. మిచెల్ 300 నల్లటి ఎనామెలుతో పేరు తెచ్చుకుంది. పెన్ స్పిన్‌ఫిషర్ 700 వరుసలో తొలినాటివి ఆకుపచ్చవి. వింత పుట్టుక మాత్రం జెబ్‌కోది. ఓక్లహోమాలో చమురు బావుల కోసం టైం బాంబులు చేసే జీరో అవర్ బాంబ్ కంపెనీ 1949లో రీళ్ల తయారీలోకి దిగి, చివరికి ఆ పేరును కుదించి జెబ్‌కో అని పెట్టుకుంది.

స్ప్రే కథ ఒక గొంతు డాక్టరుతో మొదలవుతుంది. ఒహాయో రాష్ట్రం టొలీడోలో అలెన్ డివిల్‌బిస్ రోగుల గొంతులో మందు చిమ్మడానికి 1888 ప్రాంతంలో ఒక పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ దాన్ని పెంచి రంగు చిమ్మే గన్‌గా మార్చాడు. 1920లలో డ్యూపాంట్ తెచ్చిన డ్యూకో లక్కరు కార్ల రంగు ఆరే సమయాన్ని వారాల నుంచి గంటలకు తగ్గించింది. అది ఎంత పాతుకుపోయిందంటే, మన డెంటింగ్ షెడ్లలో ఇప్పటికీ ఏ కంపెనీ లక్కరునైనా డ్యూకో అనే అంటారు. 1937లో జర్మనీలో ఆటో బేయర్ పాలీయురేథేన్ రసాయనాన్ని కనిపెట్టాడు. పెయింటు షాపుల్లో 'పీయూ' అంటే అదే. 1949లో ఇల్లినాయిలో ఎడ్వర్డ్ సీమోర్ రంగును స్ప్రే డబ్బాలోకి ఎక్కించాడు. ఈ పేరాలో ఉన్న నాలుగూ ఈనాడు ఒకే షెడ్డులో దొరుకుతాయి.

ముందు లోహం ఏదో తెలియాలి

రంగు ఎంపిక రీలు ఒంటి లోహాన్ని బట్టి ఉంటుంది. చాలా స్పిన్నింగ్ రీళ్ల ఒళ్లు అచ్చులో పోసిన అల్యూమినియం మిశ్రమం. అయస్కాంతం అంటదు, తేలిగ్గా ఉంటుంది, గీకితే వెండి తెలుపు. ఇత్తడి బరువు, గీకితే పసుపు. పాత సముద్రపు రీళ్ల పక్క పలకలు బేకలైటువి, వాటి రింగులు క్రోమియం పూసిన ఇత్తడివి. 1980ల నుంచి గ్రాఫైటు కలిపిన నైలాను ఒళ్లు వచ్చాయి. మరీ తేలికైన ఖరీదైన రీళ్లలో మెగ్నీషియం ఉంటుంది.

బేకలైటుకు రంగు వేయకూడదు. మెత్తటి పాలిషుతో రుద్దితే అదే మెరుస్తుంది. నైలానుకు రంగు అంటుకోదు. ప్లాస్టిక్ ప్రైమరు వేసినా గోటికి ఊడివస్తుంది కాబట్టి శుభ్రం చేసి వదిలేయడమే మేలు. మెగ్నీషియాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు. దాని సన్నపొడి నిప్పంటుకుంటుంది, ఆమ్లం తగిలితే పొంగుతుంది. మిగిలింది అల్యూమినియం, ఇత్తడి. ఇకపై చెప్పేదంతా ప్రధానంగా అల్యూమినియం గురించి.

అల్యూమినియం రీలు మీద రంగు ఎలా చెడుతుందో దగ్గరగా చూస్తే తమాషాగా ఉంటుంది. రంగు పైనుంచి అరగడం తక్కువ. స్క్రూ తల చుట్టూ, కర్రకు బిగించే పాదం అంచున, రాయి తగిలి పడిన నొక్కు దగ్గర మొదట ఆవగింజంత బొబ్బ లేస్తుంది. సూదితో గుచ్చితే లోపల తెల్లటి పొడి. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగును కిందనుంచి పైకి నెడుతుంది. కొత్త అంచు తెరుచుకుంటుంది, అక్కడ మళ్లీ తేమ చేరుతుంది. స్క్రూ స్టీలుదైతే పని ఇంకా వేగం. రెండు వేర్వేరు లోహాల మధ్య తేమ చేరితే చిన్న బ్యాటరీ తయారై, అల్యూమినియం కరిగిపోయే వైపు అవుతుంది. అందువల్ల బొబ్బల మీదే కొత్త రంగు చిమ్మడం డబ్బు దండగ. కింద పొడి ఉన్నంతకాలం పైన ఎంత గొప్ప రంగు వేసినా అదే దారి పడుతుంది.

విప్పడం

రీలును సగం విప్పి, మిగతా భాగానికి మాస్కింగ్ టేపు చుట్టి రంగు కొట్టడం పెయింటు షెడ్ల అలవాటు. కార్లకు అది సరిపోతుంది, రీలుకు కాదు. బేరింగులు, వాషర్లు, వెనక్కి తిరగకుండా ఆపే చిన్న మీట, బ్రేకు పలకలు అన్నీ బయటికి రావాలి. ఒక్కో భాగం తీసేటప్పుడు ఫోనులో ఫోటో తీసి, కోడిగుడ్ల ట్రేలో వరుసగా పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడబాటు ఉండదు. వెంట్రుక మందం వాషర్లు ఉంటాయి, అవి పాత గ్రీజులో బేరింగుకు అంటుకుని కనబడవు. అవి పోతే పళ్లచక్రాలు గరగరలాడతాయి, ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కోవాలి.

బిగుసుకున్న స్క్రూ మీద బలప్రయోగం చేస్తే తల అరిగిపోతుంది. కిరోసిన్‌లాంటి పలుచటి నూనె చుక్క వేసి ఒక రాత్రి వదలాలి. మర్నాడు హెయిర్ డ్రయ్యరుతో వేడి చేయాలి. ఒక్కో డిగ్రీ వేడికి అల్యూమినియం పది లక్షల వంతుల్లో 23 వంతులు సాగితే, స్టెయిన్‌లెస్ స్టీలు 17 వంతులే సాగుతుంది. ఆ కొద్ది తేడాతోనే పట్టు సడలుతుంది. స్క్రూడ్రైవరు కొన గాడిలో పూర్తిగా కూర్చోవాలి, ఇరుకైనదీ వద్దు, వెడల్పుదీ వద్దు.

పాత గ్రీజును కిరోసిన్‌తో, ఆ తర్వాత గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లతో కడగాలి. ఇంతకుముందు ఎవరైనా రీలు మీద సిలికాన్ స్ప్రే వాడి ఉంటే జాగ్రత్త. ఆవగింజంత సిలికాన్ మిగిలినా కొత్త రంగు దాని మీద నిలవక గుండ్రటి గుంటలు పడుతుంది. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు. చేపల రీలుకు ఆ కన్ను అక్కర్లేదు.

పాత రంగు తీయడం

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు కాస్టిక్ సోడా. ఇనుప గేట్ల రంగు తీయడానికి అది పనికొస్తుంది కాబట్టి రీలును కూడా ఆ బకెట్లో ముంచుతారు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే తింటుంది, హైడ్రోజన్ బుడగలు పొంగుతాయి, బేరింగు కూర్చునే గూళ్లు వదులైపోతాయి. అలా పోయిన గూడును ఏ రంగూ పూడ్చలేదు.

పెయింటు రిమూవరు జెల్లు పని చేస్తుంది. పాత రకాల్లో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది. మూసిన గదిలో దాని ఆవిరి ప్రాణం తీస్తుంది. దాన్ని వాడి రంగు తీసే డబ్బాలను ఇంటి వాడకానికి అమ్మకుండా అమెరికా 2019లో నిషేధించింది. మన దగ్గర కొనేటప్పుడు డబ్బా మీద రాసినది చదవాలి, ఆరుబయటే వాడాలి. అంతకంటే మంచి దారి గాజుపూసల బ్లాస్టింగ్. బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న ఇంజినీరింగ్ షాపుల్లో జాబ్‌వర్కుగా చేసేవాళ్లుంటారు. ఇసుకతో చేయించవద్దు. అది లోహాన్ని లోతుగా గీరేస్తుంది, సిలికా ధూళి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. బ్లాస్టింగుకు పంపేముందు బేరింగు గూళ్లకూ మరలకూ రబ్బరు బిరడాలు పెట్టాలి. చేత్తో చేసేవాళ్లు 320 నంబరు వాటర్ పేపరును తడిపి రుద్దితే చాలు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, తడిగా రుద్దితే ధూళి లేవదు.

శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. లోహం మీద శుభ్రమైన నీళ్లు పోయాలి. నీరు పల్చటి పొరలా అంతటా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. బొట్లుబొట్లుగా చీలిందంటే ఇంకా జిడ్డుంది, మళ్లీ కడగాలి. ఆ తర్వాత వేలితో ముట్టుకోకూడదు. చేతి చెమటలోని ఉప్పు చాలు, ఆర్నెల్ల తర్వాత వేలిముద్ర ఆకారంలోనే బొబ్బ లేవడానికి.

ప్రైమర్

గాలి తగిలిన క్షణం నుంచి అల్యూమినియం మీద ఆక్సైడు పొర ఏర్పడుతూనే ఉంటుంది. కాబట్టి రుద్దిన తర్వాత కొద్ది గంటల్లోనే ప్రైమర్ పడాలి. రేపు వేద్దామనుకుంటే రేపు మళ్లీ రుద్దాలి.

ప్రైమర్లలో రెండు దారులు. ఎచ్ ప్రైమర్‌లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. అది లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు సంపాదిస్తుంది. 10 మైక్రాన్ల పల్చటి పొర చాలు, మందంగా వేస్తే చెడుతుంది. రెండోది రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్. తేమను అడ్డుకోవడంలో దీన్ని మించింది లేదు. ఒకదాని మీద ఒకటి వేస్తే రెట్టింపు బలమని కొందరు రెండూ వేస్తారు. చాలా ఎపాక్సీలకు కింద ఆమ్లం పడదు, కంపెనీ కాగితం అనుమతిస్తే తప్ప ఆ పని చేయవద్దు. గుంటలు పడిన రీలుకు నా ఓటు ఎపాక్సీకే. గేట్లకు వాడే రెడ్ ఆక్సైడ్ ఇనుముకు, అల్యూమినియానికి కాదు.

ఏ రంగు ఎంత కాలం

మామూలు స్ప్రే డబ్బా అక్రిలిక్ రంగు అరగంటలో ఆరుతుంది, చూడ్డానికి బాగుంటుంది. థిన్నరు లేదా పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది. అల్మారాలో పెట్టుకునే రీలుకు అది చాలు. డ్యూకో కూడా అదే కోవ, పాలిషు చేస్తే మెరుపు మాత్రం దానిదే.

వాడే రీలుకు అసలైన అభ్యర్థి హార్డెనరు కలిపే పీయూ రంగు. ఇది ద్రావకం ఎగిరిపోయి ఆరేది కాదు. రంగులోని అణువులూ హార్డెనరులోని ఐసోసైనేటూ ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడతాయి. అల్లిక పూర్తయ్యాక థిన్నరు తుడిచినా, పెట్రోలు పడినా కరగదు. మొయినాబాద్ రోడ్డు మీది కార్ల డెంటింగ్ షెడ్లలో కూడా ఇదే వాడతారు, రీలు మూత చూపిస్తే పెయింటు షాపులో రంగు కలిపిస్తారు. కలిపిన రంగు కొన్ని గంటల్లో గడ్డకడుతుంది కాబట్టి ఒక రీలు కోసం కలిపితే ఎక్కువ భాగం వృథా. నాలుగైదు రీళ్లు పోగయ్యాక చేయడం తెలివి. హార్డెనరు లోపలే ఉండి, అడుగున బొత్తాం నొక్కితే కలిసే డబ్బాలు కూడా వచ్చాయి, అవి ఒకటి రెండు రోజుల్లో డబ్బాలోనే గట్టిపడతాయి.

పౌడర్ కోటింగ్ గట్టిది, చవక. కానీ పొర 60 నుంచి 80 మైక్రాన్లు వస్తుంది, 180 నుంచి 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలి. గేటుకూ కుర్చీకీ బాగుంటుంది. రీలు పిడికీ, బయటి మూతకీ పరవాలేదు. చుట్టకూ దాని చుట్టూ తిరిగే రోటరుకూ మధ్య సందు మిల్లీమీటరు కంటే తక్కువ ఉండే రీళ్లలో రెండు వైపులా అంత మందం చేరితే ఒరుసుకుంటుంది. పైగా పాత అచ్చు లోహంలోని సన్నని రంధ్రాల్లో దాగిన నూనె ఓవెన్‌లో ఆవిరై రంగులో గుంటలు చేస్తుంది. కాబట్టి రంగుకు ముందే ఒకసారి ఖాళీగా కాల్చి నూనె వెళ్లగొట్టాలి.

తుపాకుల కోసం పుట్టిన సెరాకోట్ వంటి సెరామిక్ పూతలు విదేశాల్లో రీళ్ల పునరుద్ధరణలోకి బాగా వచ్చాయి. పొర 25 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, రాపిడికి అద్భుతంగా తట్టుకుంటుంది. వాటిలో ముఖ్యమైన రకాన్ని 120 డిగ్రీల దగ్గర సుమారు 2 గంటలు కాల్చాలి. వంట ఓవెన్‌లో ఆ పని చేయవద్దు. సముద్రంలో ట్రోలింగ్ చేసేవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటు. హిమాయత్‌సాగర్ నీళ్లకు అది ఆడంబరమే.

అనోడైజింగ్ రంగు కాదు, లోహపు ఉపరితలాన్నే ఆక్సైడుగా మార్చడం. చుట్టలకు అదే ఉత్తమం. అచ్చులో పోసిన ఒళ్లలో సిలికాన్ పాలు ఎక్కువ కాబట్టి వాటి మీద మాత్రం మచ్చలుమచ్చలుగా బూడిద రంగు వస్తుంది.

తయారీదారులు ఫలానా పూత ఉప్పు పొగ పరీక్షలో ఇన్ని వేల గంటలు నిలిచిందని రాస్తారు. 35 డిగ్రీల గదిలో 5 శాతం ఉప్పు నీటి పొగ వదిలే ఆ పరీక్షకు 1939 నుంచి ప్రమాణం ఉంది. ఒక పూతను మరో పూతతో పోల్చడానికి అది పనికొస్తుంది. చదును పలక మీద వచ్చిన గంటలను మూలలూ, స్క్రూ రంధ్రాలూ ఉన్న రీలు ఆయుష్షుగా లెక్కకట్టకూడదు.

చిమ్మే తీరు

భాగాలను ఇనుప తీగకు వేలాడదీయాలి. బేరింగు గూళ్లను టేపుతో, మరల రంధ్రాలను గ్రీజు రాసిన పాత స్క్రూలతో మూయాలి. గూటిలో 20 మైక్రాన్ల రంగు పడినా బేరింగు దిగదు. సుత్తితో కొట్టి దించితే అది తర్వాత సాఫీగా తిరగదు. దారం తగిలే చోట్ల, అంటే చుట్ట అంచు, దారం దొర్లే చిన్న చక్రం, వీటికి రంగు వేయనే కూడదు. దారం రంగును కోస్తుంది, ఊడిన రంగు అంచు దారాన్ని కోస్తుంది. కర్రకు బిగించే పాదానికి పల్చగా వేయాలి.

చిన్న భాగాలకు కారు గన్ పెద్దది. 0.8 లేదా 1 మిల్లీమీటరు నాజిల్ ఉన్న చిన్న గన్ బాగుంటుంది. డబ్బా అయితే జానెడు దూరం. మొదట మంచులా పల్చటి పూత, పది నిమిషాల విరామం, ఆ తర్వాత రెండు నిండు పూతలు. లోపలి మూలల్లోకి ముందు చిమ్మి, బయటి వైపు చివర చిమ్మాలి. తిరగేసి చేస్తే మూలల కోసం ప్రయత్నించేలోపు బయట కారిపోతుంది. చెక్కిన అక్షరాలుంటే రంగు ఆరాక వాటిలో ఎనామెల్ నింపి, పైన అంటినదాన్ని థిన్నరు తడి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే గాడిలో మాత్రమే మిగులుతుంది. పీయూ మీద ఈ పని నిర్భయంగా చేయవచ్చు, డ్యూకో మీద చేస్తే డ్యూకో కూడా వచ్చేస్తుంది.

షాబాద్ ప్రాంతంలో ఈ పనికి మంచి కాలం దీపావళి తర్వాత నుంచి మార్చి దాకా. మే నెల మధ్యాహ్నం చిమ్మితే రంగు తుంపర లోహాన్ని చేరేలోపే ఆరి, ఉపరితలం ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. ఆ నెలలో చేయక తప్పదంటే తెల్లవారుజామున, నెమ్మదిగా ఆరే థిన్నరుతో చేయాలి. జూలై, ఆగస్టుల్లో మరో బాధ. డ్యూకోలోని ద్రావకం ఎగిరిపోతూ లోహాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు పాలిపోయి తెల్లబడుతుంది. పీయూలో హార్డెనరు నీటితో కలిసి బొగ్గుపులుసు గాలి పుట్టించి బుడగలు చేస్తుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే గన్ పక్కన పెట్టడం మంచిది. కంప్రెసరు ట్యాంకు అడుగున చేరే నీళ్లను రోజూ వదలాలి.

ఊపిరి

పీయూ హార్డెనరు గురించి పెయింటు షెడ్లలో చూపే నిర్లక్ష్యం భయం కలిగిస్తుంది. రుమాలు కట్టుకుని చిమ్ముతారు. ఐసోసైనేటు తుంపర ఊపిరితిత్తుల్లోకి వెళితే ఉబ్బసం రావచ్చు, ఒకసారి శరీరానికి పడకుండా పోతే ఆ తర్వాత పిసరంత తగిలినా ఊపిరాడదు. దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు, మాస్కు పని చేయడం ఆగిపోయినా ముక్కు పసిగట్టలేదు. బయటి గాలిని గొట్టంతో అందించే మాస్కే సరైన రక్షణ. అది లేనివాళ్లు ప్రైమర్ వరకు ఇంట్లో చేసి, పైపూతను సరైన బూత్ ఉన్న షాపులో వేయించుకోవాలి. ఇంట్లో పిల్లలుంటే ఈ విషయంలో బేరమాడవద్దు.

రంగు వేయకూడని రీళ్లు

1872లో ఆల్నిక్‌లో మొదలైన హార్డీ వారి పాత రీళ్లు, వయసుతో నల్లబడిన ఇత్తడి రీళ్లు, తొలినాటి అంబాసడర్లు, వీటికి పునరుద్ధరణ అంటే శుభ్రం చేసి నూనె వేయడం వరకే. సేకర్తలు అసలు పూతకే విలువ ఇస్తారు, సగం ఊడినా సరే. ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో జుమ్మేరాత్ బజారులోనో అలాంటిది చేతికి దొరికితే, ఇత్తడి మీది చిలుమును చింతపండుతో తోమి తళతళలాడించాలన్న మన ఇంటి అలవాటును కాసేపు ఆపుకోవాలి. రంగు వేయదగ్గవి మామూలు పెన్‌లు, మిచెల్‌లు, దైవాలు, షిమానోలు. ఇవి వేలల్లో, లక్షల్లో తయారయ్యాయి, వీటికి విలువ వాడకంలోనే ఉంది.

బిగించడం, మిగిలింది పారేయడం

పీయూ వేలికి అంటకుండా ఆరడానికి అరగంట చాలు, అల్లిక పూర్తవడానికి సుమారు 7 రోజులు పడుతుంది. ఆలోపు స్క్రూ బిగిస్తే దాని తల కింద రంగు నలిగి, తేమకు తొలి దారి అక్కడే తెరుచుకుంటుంది. వారం ఆగి, ప్రతి స్క్రూ మరకూ తల కిందా గ్రీజు రాసి బిగించాలి. రెండు లోహాల మధ్య ఆ గ్రీజు పొరే అడ్డుగోడ. ఆ తర్వాత చెరువు నుంచి వచ్చిన ప్రతిసారీ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, ఒక రాత్రి ఫ్యాను కింద ఉంచి, ఆ తర్వాతే సంచిలో పెట్టాలి.

గన్ కడిగిన థిన్నరును మోరీలో ఒంపవద్దు. మూత బిగించి నాలుగు రోజులు ఉంచితే రంగు అడుక్కు దిగుతుంది, పైన తేరిన థిన్నరు మళ్లీ గన్ కడగడానికి వస్తుంది. మిగిలిపోయిన పీయూను డబ్బాలోనే గట్టిపడనిచ్చి చెత్తకు ఇవ్వాలి. షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో చాలా ఊళ్ల మోరీలు వాగుల్లోకి, ఆ వాగులు ఈసీ, మూసీ నదుల్లోకి, ఆ నదులు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్‌లలోకి పోతాయి. ఆ నీళ్లు తాగేవాళ్లున్నారు, గాలం వేసేదీ అక్కడే.